మోచేతి పోటు మీద పూర్వపక్షం

బాతెల్,
సెప్టెంబరు 8, 2025

చిరంజీవి మీనాక్షికి,

నీ వంటింట్లో పోపు వేగే సమయానికి ఇంకా తెల్లవారని ఊరి నుంచి నీ అన్నయ్య ఆశీస్సులు.

ఇద్దరి మధ్య అభిప్రాయభేదం వస్తే నోటితో తేల్చుకోరాదని, ఒకరు పూర్వపక్షం రాసి ఇవ్వాలని, రెండవవారు దానికి జవాబు రాయాలని నాన్నగారు మన చిన్నతనంలో పెట్టిన నియమం నీకు గుర్తుండే ఉంటుంది. పక్కపక్క గదుల్లో ఉండి కూడా ఉత్తరాలు రాసుకున్నాం. పనసపండులో పెద్ద తొన ఎవరికి చెందాలన్న అంశం మీద మనమధ్య పదకొండు ఉత్తరాలు నడిచాయి. సిద్ధాంతం తేలేసరికి పండు కుళ్ళిపోయింది. అయినా ఆ నియమం గొప్పది. అందుకే ఫోను పక్కన పెట్టి ఈ కాగితం అందుకున్నాను.

నా పూర్వపక్షం ఇది. నీ వదిన విజయశ్రీ రాత్రి పొడుగునా నన్ను మోచేత్తో పొడుస్తున్నది. ఇది రూపకం కాదు, ఉత్ప్రేక్ష కాదు, శుద్ధమైన స్వభావోక్తి. కుడి పక్కటెముకల్లో కింద నుంచి మూడవది ఆమె గురి. ఎందుకు పొడిచావని అడిగితే, "నిద్రలో చెయ్యి తగిలిందేమోనండీ" అంటుంది. ఒక్కసారి తగిలితే యాదృచ్ఛికమని సరిపెట్టుకోవచ్చు. రాత్రికి వందసార్లు, అదే ఎముక మీద తగిలితే దాని వెనుక ఒక కర్త, ఒక సంకల్పం ఉన్నాయని తర్కం చదవనివాడు కూడా ఊహిస్తాడు. మన దేశంలో వేరు వేరు మంచాలు కనుక చెయ్యి చాచి పొడిచేది. ఇక్కడ అమెరికాలో అమ్మాయి ఇంట్లో ఇద్దరికీ ఒకటే పరుపు కావడంతో ఆమెకు ఆ శ్రమ కూడా తప్పింది.

ఇప్పుడు ప్రమాణం దొరికే మార్గం ఒకటి కనబడింది. మన హంసిక కాలేజీలో చదువుతూ ఒక నిద్రా పరిశోధనశాలలో పనిచేస్తున్నదని రాశాను కదా. మనవరాలు మొన్న వచ్చి, "తాతయ్యా, సెవెంటీ దాటిన వాలంటీర్స్ కావాలి. నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు, జస్ట్ పడుకో" అన్నది. డెబ్బై రెండేళ్ళ జీవితంలో నా యోగ్యతకు ఇంత సరిగ్గా సరిపోయిన ఆహ్వానం మరొకటి రాలేదు.

వారి పద్ధతి వింటే నీకూ ముచ్చట వేస్తుంది. తలకు ఒక టోపీ పెట్టి, ఎరుపుకు అవతల ఉండే, కంటికి ఆనని వెలుగును లోపలికి పంపుతారు. అది పుర్రె దాటి మెదడు పైపొర దాకా వెళ్ళి, చెదిరి, కొంత తిరిగి వస్తుంది. ప్రాణవాయువు నిండిన నెత్తురు ఆ వెలుగును ఒక తీరున మింగుతుంది, అది తరిగిన నెత్తురు మరొక తీరున. తిరిగి వచ్చిన వెలుగు మిణుకుమనే వేగాన్ని బట్టి నెత్తురు ఎంత ఉరవడిగా పారుతున్నదో కూడా లెక్క కడతారు. సూది లేదు, కోత లేదు. జాగ్రత్స్వప్నసుషుప్తుల గురించి ఇన్నాళ్ళు మాటలతో కుస్తీ పట్టిన నాకు, సుషుప్తిలోకి దీపం పట్టుకుని దిగేవాళ్ళు ఉన్నారని తెలిసి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పరిశోధనశాలలో ఒక రాత్రి, ఇంట్లో రెండు రాత్రులు. అక్కడ ఒంటరి నిద్ర, ఇక్కడ పోట్ల నిద్ర. తేడా యంత్రమే చెబుతుంది. నా పక్షం నెగ్గితే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మీ ఇంటి కింది గది చలికాలం పొడుగునా నాకివ్వాలి. ఈ వయసులో నాకు కావలసింది తెల్లవార్లూ తెగని నిద్ర ఒక్కటే. ఓడితే ఓటమిని పద్యంలో ఒప్పుకుంటాను.

పక్కటెముకను తడుముకుంటూ,
అన్నయ్య చక్రధర్


ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబరు 14, 2025

పూజ్యుడూ పీడితుడూ అయిన అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు, పక్కటెముకకు పరామర్శ.

నీ ఉత్తరాన్ని భోజనాల దగ్గర చదవడం నాదే పొరపాటు. మా శ్యామ్‌సుందర్ సగం విని చెంచా కింద పెట్టేశాడు. "అమ్మా, మామయ్యా అత్తయ్యా సెపరేట్ అవుతున్నారా? ఈ ఏజ్‌లోనా? లాయర్ని చూడమంటావా?" అని అడిగాడు. కాదురా, ఇది ఎముకకు సంబంధించిన వ్యాజ్యం అన్నాను. వాడు నమ్మలేదు. ఆ సాయంత్రమే కింది గది కొలతలు తీసుకున్నాడు. మామయ్య వస్తే ఇక తిరిగి వెళ్ళడేమోనని వాడి భయం. వెళ్ళకపోతే బాగుండునని నా కోరిక. కాబట్టి గదికి ఇబ్బంది లేదు.

ఇక నా జవాబు. వదిన చీమను కూడా కాగితం మీద ఎక్కించుకుని గుమ్మం బయట దింపే మనిషి. అటువంటి ఆవిడ పొడుస్తున్నదంటే నీలో పొడవదగిన గుణం ఏదో ఉండే ఉంటుంది. మే నెలలో మీ ఊరి లైబ్రరీలో భార్యల మీద ఆశువుగా ఒక పద్యం చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావటగా. మొదటి వరుసలో కూర్చున్నది వదినే కదా. కార్యానికి కారణం అక్కడ వెతుక్కో.

నిన్న వదినకు ఫోను చేశాను. నాలుగు మాటలు మాట్లాడి ఊరుకుంది. అలిగిందేమో అనుకున్నాను. వింటే అటునుంచి మెల్లగా గురక వచ్చింది. పగలు పదకొండు గంటలకు, ఫోను చెవి దగ్గర పెట్టుకునే నిద్రపోయింది. నీతో మాట్లాడీ మాట్లాడీ అలసిపోయినట్టుంది.

ప్రమాణం త్వరగా పంపించు. పద్యానికి గణాలు ఇప్పటినుంచే పోగు చేసుకో.

ఎప్పటిలాగే ఎదుటి పక్షంలో ఉన్న,
మీనాక్షి


బాతెల్,
సెప్టెంబరు 23, 2025

చెల్లాయీ,

ఆశీస్సులు తరువాత. ముందు కూర్చో. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

నిన్నటి రాత్రి పరిశోధనశాలలో పడుకున్నాను. ధృవ్ అని ఒక యువకుడు, మనవాళ్ళ పిల్లవాడే, ఈ దేశంలోనే పుట్టాడు, దూదితో నా నుదురు తుడిచి, "అంకుల్, ఫోర్‌హెడ్ క్లీన్‌గా ఉండాలి, ఓకే?" అన్నాడు. టోపీ పెట్టే ముందు సంధ్యకు రెండు నిమిషాలు వ్యవధి అడిగాను. పాపం, ఇచ్చాడు. సంధ్య ముగించి, నీ వదిన గుడిలో హోమం చేయించి డబ్బీలో పెట్టి పంపిన రక్షను నుదుట దిద్దుకున్నాను. అది లేకుండా పడుకోవద్దని ఆమె మరీ మరీ చెప్పింది. ధృవ్ తిరిగి వచ్చి, దీపాలు తగ్గించి, ఆ మసక వెలుతురులోనే టోపీ బిగించాడు. హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే తెర మీద నా మెదడు పటం చూపించాడు. ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ముత్యాలముగ్గులా ఉంది. అయితే సరిగ్గా కనుబొమల నడుమ ఒక్క చోట మాత్రం నల్లని సున్న. అక్కడ పంపిన వెలుగు వెనక్కి రాలేదు. రాత్రంతా ఒక్క మిణుకైనా లేదు.

"ఇలా నేనెప్పుడూ చూళ్ళేదు అంకుల్. డాక్టర్‌కి చూపించాలి," అన్నాడు. అతడి ముఖంలో ఆందోళన. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. నలభై ఏళ్ళుగా నేను దృష్టి నిలుపుతున్నది ఆ భ్రూమధ్యం మీదనే. వెళ్ళిన వెలుగు మళ్ళీ తిరిగి రాని చోటు ఒకటి ఉన్నదని పెద్దలు చెబితే చదివాను, చెప్పాను, పరీక్షల్లో ప్రశ్నగా ఇచ్చి మార్కులు కూడా వేశాను. అది నా నుదుటనే ఉన్నదని అమెరికా యంత్రం సాక్ష్యం చెబుతుందని కలలోనైనా అనుకోలేదు. సుషుప్తిని కూడా దాటిన నాలుగో అవస్థ ఇదేనేమో అని హంసికతో అంటే, "తాతయ్యా, లెట్స్ వెయిట్," అన్నది. పిల్లలకు తొందర ఉండదు.

మోచేతి వ్యాజ్యం ఈ స్థితిలో మరీ అల్పంగా తోస్తున్నది. అయినా గది మాట మరువకు. సాధనకు ఏకాంతం ఇప్పుడు మరింత అవసరం.

వినయం నిలుపుకొనుటకు శాయశక్తులా ప్రయత్నిస్తున్న,
అన్నయ్య


ఫార్మింగ్టన్ హిల్స్,
సెప్టెంబరు 29, 2025

అన్నయ్యా,

ఇన్నాళ్ళు నిన్ను నువ్వు అన్నాను. ఇక మీరు అనాలేమోనని రెండు పూటలు ఆలోచించి, అలవాటు లేక మానుకున్నాను. నమస్కారం మాత్రం ఈసారి రెండు చేతులతో.

నీ ఉత్తరాన్ని శనివారం పారాయణ బృందంలో చదివి వినిపించాను. తప్పేనేమో, కానీ గొంతు ఆగలేదు. పద్నాలుగు మంది ఆడవాళ్ళు చదువుతున్న పుస్తకాలు మూసేశారు. రాజారావుగారని కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైర్ అయిన పెద్దాయన ఉన్నారు. ఎవరు ఏమి చెప్పినా "డేటా ఉందా అమ్మా?" అంటారు. ఆయన కూడా, "ఇది డేటానే అమ్మా," అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవంబరు మొదటి వారంలో గుడి హాలులో నీ ఉపన్యాసం ఖాయం చేశారు. బేనరు అచ్చుకు వెళ్ళింది. నీ ఫోటో, నుదుట ఒక నల్లని సున్న, కింద "వెలుగు వెనుదిరగని చోటు" అని అక్షరాలు.

శ్యామ్ మాత్రం వేరే రకం. "మామయ్య బ్రెయిన్‌లో బ్లడ్ ఫ్లో లేని స్పాట్ ఉందంటే సీరియస్ కదమ్మా," అని ముఖం చిన్నది చేసుకుని తిరుగుతున్నాడు. నీకు నాలుగో అవస్థ అని చెబితే, "నాలుగో స్టేజా?" అని బెంబేలెత్తిపోయాడు. వాడికి ఒక్క మాట నువ్వే రాయి.

వదినకు చెప్పాను. "అలాగా" అన్నది. ఆవలించింది. సిద్ధపురుషుల ఇల్లాళ్ళకు ఇంత నిర్లిప్తత ఎలా వస్తుందో ఇప్పుడు అర్థమైంది.

ఓటమికి సిద్ధపడుతున్న,
మీనాక్షి


బాతెల్,
అక్టోబరు 6, 2025

మీనాక్షికి,

బేనరు ఆపించు. ఈ ఉత్తరం అందిన నిమిషమే, చెప్పులు వేసుకునే లోపలే, రాజారావుగారికి ఫోను చెయ్యి.

నల్లని సున్న నా తపస్సు కాదు. నీ వదిన ఇచ్చిన రక్ష. హోమంలో కాలిన సమిధల మసిని నేతిలో కలిపి చేసినది కదా. ఆ మసి వెలుగును వచ్చింది వచ్చినట్టు మింగేసింది. ధృవ్ టోపీ లోపలివైపు జిడ్డు చూసి కనిపెట్టాడు. "అంకుల్, క్లీన్ చేశాక మళ్ళీ ఏమైనా పెట్టుకున్నారా?" అని ఫోనులో అడిగాడు. ఎంత మర్యాదగా అడిగాడంటే నాకు అబద్ధం చెప్పాలనిపించింది. పాతికవేల డాలర్ల టోపీకి నేతి మరక చేశానని హంసిక నవ్వుతూనే ఉంది. నాలుగు రోజులుగా భోజనం బల్ల దగ్గర నాకు కొత్త బిరుదు, "నెయ్యి తాతయ్య". నలభై ఏళ్ళ సాధన రెండు చుక్కల నేతిలో కరిగిపోయింది. మొదట సిగ్గుపడ్డాను. తరువాత బాత్‌రూమ్‌లో అద్దం ముందు నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను. శ్యామ్‌కు చెప్పు, మామయ్య మెదడులో నెత్తురు బాగానే ఉంది, వివేకమే కొంచెం తక్కువైంది.

కడిగిన నుదుటితో గురువారం మళ్ళీ పడుకున్నాను. ఆహా, అది నిద్ర. పొడిచే చెయ్యి లేదు, కదిలే దుప్పటి లేదు. ఏడు గంటలు ఏకఖండంగా. లేచేసరికి తల దిమ్ముగా ఉంది, నోరు పిడచకట్టింది, కాఫీ తాగేదాకా నా పేరు గుర్తు రాలేదు. సుఖం మరీ ఎక్కువైతే అలా ఉంటుంది కాబోలు.

తరువాత రెండు రాత్రులు ఇంట్లో, చిన్న బాటరీ టోపీతో. నీ వదిన ఏమీ తగ్గించలేదు. టోపీ పెట్టుకున్నవాడిని చూసైనా జాలి పడలేదు. పోట్లు ఎప్పటిలాగే. కనుక ఫలితం నాకు తెలిసినట్టే. కింది గదిలో మంచం వేయించు.

నెగ్గబోతున్న,
అన్నయ్య


బాతెల్,
అక్టోబరు 17, 2025

చిరంజీవి మీనాక్షికి,

ఈసారి ఆశీస్సులు కొంచెం తగ్గు స్వరంలో.

పరిశోధన ఫలితాలు మామూలుగా చెప్పరట. ఆరోగ్యానికి పనికొచ్చే విషయం కనబడితేనే డాక్టరుగారు పిలుస్తారు. నన్ను పిలిచారు. నీ వదిన, హంసిక కూడా వచ్చారు. డాక్టరుగారు తెర మీద రెండు గీతలు చూపించారు. మొదటిది పరిశోధనశాలలో నా ఏకఖండ నిద్ర. గంటకు ముప్పై ఒక్కసారి నా ఊపిరి ఆగిపోయింది. ఆగిన ప్రతిసారీ మెదడులో ప్రాణవాయువు కొండ మీది నుంచి జారినట్టు జారింది. మెదడు పాపం కంగారుపడి నెత్తురును ఉరవడిగా తెప్పించుకున్నది, అయినా చాలలేదు. నేను సుఖమనుకున్నది అది. ఇలా ఏళ్ళ తరబడి సాగి ఉంటే గుండెకూ జ్ఞాపకశక్తికీ ముప్పు వచ్చి ఉండేదట.

రెండవది ఇంటి నిద్ర. అక్కడా గీత జారడం మొదలుపెడుతుంది. సగం దిగగానే చటుక్కున మళ్ళీ పైకి లేస్తుంది. రాత్రంతా అంతే.

ధృవ్ ముందుకు వంగాడు. "అంకుల్, ఇంట్లో ఏదైనా డివైస్ వాడుతున్నారా?"

"ఏమీ లేదు నాయనా."

"మరి ఊపిరి ఆగిన ప్రతిసారీ పన్నెండు, పదమూడు సెకండ్స్‌కి ఒక జెర్క్ వస్తోంది. వెంటనే ఆక్సిజన్ పైకి వెళ్తోంది. ఇంత రెగ్యులర్‌గా మెషీనే చెయ్యాలి."

హంసిక మెల్లగా పక్కకు తిరిగింది. "అమ్మమ్మా, నువ్వా?"

నీ వదిన చీర చెంగు సర్దుకుంది. "కేశవ నామాలు పన్నెండూ మనసులో అనుకుంటానమ్మా. కేశవ, నారాయణ, మాధవ. దామోదర దాకా వచ్చినా ఆయన ఊపిరి వినబడకపోతే పొడుస్తాను."

"రాత్రంతానా?"

"మధ్యలో కునుకు పడుతుంది. గురక ఆగగానే మెలకువ వచ్చేస్తుంది."

"ఎప్పటినుంచి?" అని అడిగింది నేను.

"మీరు రిటైర్ కాకముందు నుంచే. పంతొమ్మిదేళ్ళు అయుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నిద్రలో ఊపిరి ఆగదని పది పేజీలు రాసిస్తారు. అవన్నీ చదివి జవాబు రాసే ఓపిక నాకెక్కడిది? పొడిస్తే పని అయిపోతుంది."

ధృవ్ లేచి ఆమెతో చెయ్యి కలిపాడు. "ఆంటీ, మీ టైమింగ్ మా మెషీన్ కంటే బాగుంది," అన్నాడు. డాక్టరుగారికి హంసిక అంతా ఇంగ్లీషులో చెబితే ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కాసేపు నవ్వి, తరువాత కళ్ళు ఒత్తుకుని, నాకు ఊపిరి యంత్రం రాసిచ్చారు. ముక్కుకు తొడుగు, దానికొక గొట్టం. పెట్టుకుంటే ఏనుగు పిల్లలా ఉన్నానని ఇంట్లో ఏకాభిప్రాయం. ఆరు రాత్రులుగా పెట్టుకుంటున్నాను. ఊపిరి ఆగడం లేదు. నిన్న పొద్దున్న కాఫీకి ముందే నీ పేరు, నా పేరు, శబ్దమంజరి మొదటి పుట గుర్తుకొచ్చాయి.

ఇచ్చిన మాట ప్రకారం ఓటమి పత్రం:

పోటు పొడిచె ననుచు బొబ్బలు పెట్టితి
ఊపిరాగువేళ నులికి లేపె
వెలుగు చెప్పె నిజము వినుమమ్మ చెల్లెలా
ఆమె చేయి నాకు నాయువయ్యె

ఇక అసలు సంగతి. నేను నిద్రపోతున్నాను, ఆమె నిద్రపోవడం లేదు. యంత్రం ఉన్నా నామాలు ఆగలేదు. దామోదర దాకా వచ్చి, నా ఊపిరి విని, మళ్ళీ కేశవతో మొదలుపెడుతున్నది. పంతొమ్మిదేళ్ళ అలవాటు నా పక్కన ఉండగా పోదు. కనుక ఆ కింది గది నాకు వద్దు. ఆమెకివ్వు. నా యంత్రం లెక్కలు రోజూ ఫోనులో చూస్తానని హంసిక చెబితే గాని ప్రయాణానికి ఒప్పుకోలేదు. వచ్చే శనివారం విమానం. పది రోజులు ఉంచుకో. ఒక్క ప్రార్థన. ఆమెను ఎవరూ లేపకూడదు. భోజనానికైనా సరే, నా ఫోనుకైనా సరే.

సంపూర్ణంగా ఓడి, సంపూర్ణంగా ఊపిరి పీలుస్తున్న,
చక్రధర్


ఫార్మింగ్టన్ హిల్స్,
అక్టోబరు 30, 2025

అన్నయ్యా,

నమస్కారాలు. గొంతు తగ్గించి చదువుకో, ఇక్కడ మేమంతా గుసగుసల్లోనే బతుకుతున్నాం.

నీ పద్యం అందింది. యతి కుదిరింది. ప్రాయశ్చిత్తం ఇంకా కుదరలేదు. రాజారావుగారికి నేతి సంగతి చెబితే చాలాసేపు నవ్వి, "అయితే అసలు డేటా మీ వదినగారిదే అమ్మా," అన్నారు. బేనరు మీద నీ ఫోటో తీయించేసి ఆవిడ ఉపన్యాసం పెట్టిస్తామన్నారు. వదిన ఏం మాట్లాడాలని అడిగితే, ఏమీ చెయ్యక్కర్లేదు, వేదిక మీద సుఖంగా కూర్చుంటే చాలన్నారు.

ఇక వదిన విశేషాలు. శనివారం మధ్యాహ్నం దిగింది. కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంటూనే నిద్రపోయింది. ఇంటికి తెచ్చి, రెండు ముద్దలు పెట్టి, కింది గదిలో పడుకోబెట్టాను. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి లేచింది. మా మనవరాలు దియ స్కూలు బ్యాండు కోసం బాకా ఊదడం నేర్చుకుంటున్నది కదా, ఆ పిల్లను ప్రాక్టీసుకి గరాజ్‌లోకి పంపించేశాం. శ్యామ్ కాలింగ్ బెల్ వైరు పీకేశాడు. రెండు పార్సిళ్ళు వెనక్కి పోయాయి. ఎవరికీ చింత లేదు. లేచినప్పుడల్లా మొదటి మాట, "హంసిక ఫోను చేసిందా?" చేసిందమ్మా, అన్నయ్య ఊపిరి దివ్యంగా ఉందంటే, సరేనని కాఫీ తాగి, స్నానం చేసి, నాతో నాలుగు కబుర్లు చెప్పి మళ్ళీ దిగుతుంది. ముఖంలో పదేళ్ళు తగ్గాయి. నిన్న ఏదో గుర్తొచ్చి గట్టిగా నవ్వింది. ఆవిడ నవ్వు అంత పెద్దదని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు.

నీ పోస్టుకార్డు మొన్న వచ్చింది. ఇల్లు బోసిగా ఉందని, మంగళవారం ఎయిర్‌పోర్టుకు నువ్వే స్వయంగా వస్తావని, పూలు కూడా తెస్తావని రాశావు. వదిన లేచేదాకా ఆగి, మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను.

"అన్నయ్య మీద బెంగగా లేదా వదినా?" అన్నాను.

"ఉంది," అన్నది. దిండు సర్దుకుంది. "బెంగ ఉన్నా నిద్ర పడుతోంది మీనాక్షీ. ఇంకో పది రోజులని రాసెయ్యి."

దుప్పటి మెడ దాకా లాక్కుని అటు తిరిగి పడుకుంది. నేను కేశవ, నారాయణ అనుకుంటూ కూర్చున్నాను. మాధవ దగ్గరికి వచ్చేసరికే ఆవిడ నిద్రపోయింది.

టికెట్ మార్పించాను.

దీపం తీసేసి మెట్లెక్కుతున్న,
నీ చెల్లెలు మీనాక్షి